ఆరోగ్యవరం మనకు నేర్పే పాఠం

సృష్టికర్త, పోషకుడు అయిన అల్లాహ్‌ను స్తుతిస్తున్నాము. అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక!



ధర్మానికీ లోకవ్యవహారాలకూ ఏమి సంబంధమని కొందరు అడుగుతారు. ధర్మం మస్జిదు గోడల మధ్యనే ఉండాలని ఒకరంటే, అధికారం చేతికందితే తప్ప ధర్మం నిలవదని మరొకరంటారు. దైవప్రవక్త (స) జీవితం ఈ రెంటికీ భిన్నమైన మార్గాన్ని చూపుతున్నది.

ప్రవక్త పదవి లభించడానికి పూర్వం, ఆయన యౌవనంలో, యెమెన్ వర్తకుడొకడు మక్కాలో సరుకు అమ్మాడు. కొన్నవాడు పైకం ఇవ్వక మోసగించాడు. పరదేశి మొర విన్న మక్కా పెద్దలు కొందరు అబ్దుల్లాహ్ బిన్ జుద్ఆన్ ఇంట సమావేశమై, బాధితుడు ఎవరైనా సరే, అతని హక్కు దక్కేదాకా కలసి నిలుస్తామని ప్రతిన పూనారు. చరిత్రలో ఇదే ‘హిల్ఫుల్ ఫుజూల్’. ఆ ప్రతినలో పాల్గొన్న దైవప్రవక్త (స), ఇస్లాం వచ్చిన తరువాత కూడా అటువంటి పిలుపు వస్తే అంగీకరిస్తానని తెలిపారు. ఆ ఇంట చేరినవారు మన విశ్వాసం గలవారు కారు. కాని వారు తలపెట్టిన పని న్యాయమైనది.

మన పూర్వీకులు ఈ స్ఫూర్తిని వక్ఫ్ ద్వారా నిలబెట్టారు. 1284లో సుల్తాన్ ఖలావూన్ కైరోలో వైద్యాలయం కట్టించి, దాని ఖర్చుకు ఆస్తులను వక్ఫ్ చేశాడు. ధనిక, పేద, స్త్రీ, పురుష భేదం లేక రోగులకు అక్కడ చికిత్స లభించేది.

ఇక మన సీమకు వద్దాము. నూరేళ్ల క్రితం క్షయ సోకిందంటే ఇంటిల్లిపాదికీ దిగులే. రోగాన్ని నయం చేసే మందు లేదు. మంచి గాలి, ఎండ, విశ్రాంతి, బలమైన ఆహారం, ఇవే చికిత్స. అటువంటి రోజులలో పలు క్రైస్తవ మిషన్లు ఉమ్మడిగా 1912లో క్షయ శానిటోరియంను ప్రారంభించాయి. మదనపల్లె సమీపాన ఆరోగ్యవరంలో స్థిరపడిన ఆ సంస్థకు డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ సారథ్యం వహించారు. 1948 ఆగస్టులో భారతదేశంలో బి.సి.జి. టీకా కార్యక్రమం తొలుత మదనపల్లెలోనే మొదలైంది. 1950 నుండి 1955 వరకు ఈ చుట్టుపక్కల గ్రామాలలో జరిగిన క్షయ అధ్యయనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన పత్రికలో ప్రకటించింది. మన పల్లె జనం ఇచ్చిన సహకారం వల్ల లోకానికంతటికీ జ్ఞానం అందింది.

మిషన్ల ఆశయాలలో మతప్రచారమూ ఉండేది. విశ్వాసంలో వారికీ మనకూ గల భేదాన్ని దాచవలసిన పని లేదు. అయినా, ఇతరులతో భేదం ఉన్నప్పుడు కూడా న్యాయం తప్పరాదని దివ్య ఖుర్ఆన్ మనకు బోధించింది. చేసిన మేలును మేలని ఒప్పుకోవడం న్యాయంలో భాగమే. ఆ పైన మనల్ని మనం ప్రశ్నించుకోవాలి: రోగి మంచం పక్కన మన వంతు ఎంత?

టీకాపై ఆనాడు సందేహాలూ కలిగాయి. 1955లో రాజగోపాలాచారి వంటి పెద్దలే దానిని వ్యతిరేకించారు. దాని శక్తికి హద్దులున్నాయని తదుపరి పరిశోధనలు చూపాయి. అయితే పసిబిడ్డలను తీవ్రమైన క్షయ నుండి అది కాపాడుతుందని కూడా తేల్చాయి. సందేహం కలిగితే తెలిసినవారిని అడగాలి. పుకారును నమ్మి బిడ్డను టీకాకు దూరం చేయడం విచారణ అనిపించుకోదు. జాగ్రత్త పడడం విధివ్రాతపై అపనమ్మకమూ కాదు. సిరియాలో మహమ్మారి ప్రబలిందని తెలిసి హజ్రత్ ఉమర్ (ర) సర్గ్ అనే చోటు నుండి వెనుదిరిగారు. దైవనిర్ణయం నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (ర) అడుగగా, తాము వెళ్లేది కూడా దైవనిర్ణయం వైపుకేనని ఆయన వివరించారు.

సోదరులారా! ప్రపంచంలోని క్షయ రోగులలో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. మదనపల్లె మగ్గాల ఇళ్లలోనైనా, పుంగనూరు పల్లెలలోనైనా, మూడు రాష్ట్రాల కూడలియైన కుప్పం నుండి బెంగుళూరుకు కూలికి పోయి ఇరుకు గదులలో తలదాచుకునే యువకులలోనైనా, ఈ రోగం మతం అడిగి రాదు. సాధారణ క్షయకు ఆరు నెలల మందు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. పోషణకై నెలకు 1000 రూపాయలూ అందుతున్నాయి. అయినా పెళ్లి సంబంధం తప్పిపోతుందని ఆడబిడ్డ దగ్గును దాచే తల్లిదండ్రులు మనలో ఉన్నారు. నెమ్మదించిందని రెండు నెలలకే మందు మానే కూలీలు ఉన్నారు. ఆ బిడ్డ చేత దాపరికం చేయించినది రోగం కాదు, మన మాటలు. ఆమెను చూసి ముఖం తిప్పుకున్న మనం రేపు ప్రభువు ఎదుట ఏమని జవాబు చెప్పగలం?

కనుక ప్రతి మస్జిదు కమిటీ తన మొహల్లాలో రోగి ఉన్న ఇంటిని గుట్టుగా తెలుసుకొని, మందు పూర్తయ్యేదాకా గ్రుడ్లు, పప్పు, పాలు అందేలా చూడాలి. సదఖా సొమ్ముకు ఇంతకన్న మంచి వినియోగం ఏది? పక్కింటివాడు హిందువైనా, క్రైస్తవుడైనా అతనికీ ఆ వంతు అందాలి. ఈ పనికి ఇతరులు పిలిస్తే మనం వెళ్లాలి. మనం ముందుగా పిలిస్తే మరీ మంచిది. ధర్మం ప్రజాజీవితంలో నిలిచేది ఇలాగే.

ఓ అల్లాహ్! రోగులకు స్వస్థతను, మాకు వారి సేవ చేసే సద్బుద్ధిని ప్రసాదించు. ఆమీన్.