మందు ముగిశాక: కుష్టు బాధితుల జీవితంలో లెక్కకు రాని కాలం

కుష్టు సోకిన మనిషిని మన వ్యవస్థ రెండుసార్లు చూస్తుంది. ఒంటిమీద స్పర్శ లేని మచ్చ బయటపడినప్పుడు ఒకసారి. వేళ్ళు కురచబడి, పాదం పుండుపడి వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం శిబిరం ముందు వరుసలో నిలబడినప్పుడు మరోసారి. మొదటిసారి మందు ఇస్తుంది. రెండోసారి, కాగితాలన్నీ కుదిరితే, పింఛను ఇస్తుంది. ఈ రెంటి నడుమ పదేళ్ళు గడవవచ్చు, ముప్పయ్యేళ్ళు గడవవచ్చు. ఆ కాలంలో ఆ మనిషి పేరు ఏ ముఖ్యమైన పట్టికలోనూ ఉండదు. వేళ్ళు పోయేది ఎక్కువగా ఆ కాలంలోనే. కుష్టు బాధితుల పట్ల నిర్లక్ష్యం అనగానే వెలి, చీదరింపు, గుడిమెట్ల మీద బిచ్చం మన కళ్ళముందుకు వస్తాయి. అవన్నీ నిజమే. కానీ పెద్దగా కంటికి కనబడకుండా మరింత నష్టం చేసే నిర్లక్ష్యం ఒకటుంది. అది రోగులను లెక్కించే పద్ధతిలోనే ఉందన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

వ్యాధి స్వభావం తెలిస్తే తప్ప ఈ మాట బోధపడదు. 1873లో నార్వేలోని బెర్గెన్‌లో వైద్యుడు హాన్సెన్ గుర్తించిన కుష్టు సూక్ష్మజీవి రెట్టింపు కావడానికి దాదాపు రెండు వారాలు తీసుకుంటుంది. అందుకే వ్యాధి సోకాక లక్షణాలు బయటపడడానికి సగటున ఐదేళ్ళు, ఒక్కోసారి ఇరవయ్యేళ్ళు పడుతుంది. నూటికి తొంభైమందికి పైగా మనుషుల్లో దీన్ని తట్టుకునే శక్తి పుట్టుకతోనే ఉంది. ఇది వంశపారంపర్యం కాదు. రిఫాంపిసిన్, డాప్సోన్, క్లోఫాజిమిన్ మందులను కలిపి ఇచ్చే బహుళ ఔషధ చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సిఫారసు చేసింది. ఆ మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే రోగి నుంచి మరొకరికి సోకే ప్రమాదం తొలగిపోతుంది. వ్యాధి రకాన్ని బట్టి ఆరు నెలలో, పన్నెండు నెలలో వాడితే చాలు. మందు ఉచితం.

అయితే ఈ సూక్ష్మజీవి స్థిరపడేది నరాల్లో. మోచేతి లోపలి పక్క, మోకాలి కింద, చీలమండ దగ్గర, ముఖంలో, అంటే శరీరం కాస్త చల్లగా ఉండే చోట్ల, చర్మానికి దగ్గరగా పోయే నరాలను అది పట్టుకుంటుంది. మందు సూక్ష్మజీవిని చంపుతుంది. చచ్చుబడిన నరాన్ని మాత్రం బతికించదు. పైగా చికిత్స నడుస్తుండగానో, ముగిశాకనో కొందరికి రియాక్షన్లు వస్తాయి. ఒంట్లో మిగిలిన మృత సూక్ష్మజీవుల మీద శరీరమే తిరగబడుతుంది. నరం వాచి, కొద్ది వారాల్లో చెయ్యి పట్టు తప్పవచ్చు. ఆరు నెలల్లోపు గుర్తించి స్టెరాయిడ్లు ఇస్తే నరాన్ని చాలావరకు కాపాడుకోవచ్చు. ఆ గడువు దాటాక చేయగలిగింది తక్కువ. ఈ గడువు చాలామందికి తెలియదు. మందుబిళ్ళల అట్టలు అయిపోయాయి కాబట్టి జబ్బు అయిపోయిందని రోగి నమ్ముతాడు, అలాగే నమ్మమని అతనికి చెప్తారు కూడా.

స్పర్శ తెలియని పాదంతో బతకడం ఎలాంటిదో ఇక్కడ కొంత వివరంగా చెప్పుకోవాలి. పొలంలో ముల్లు గుచ్చుకుంటుంది, తెలియదు. చెప్పులో రాయి ఇరుక్కుంటుంది, దాని మీదే సాయంత్రం దాకా నడుస్తారు. బొబ్బ లేస్తుంది, చితుకుతుంది, పుండవుతుంది. మామూలు మనిషి కుంటుతాడు. ఆ కుంటడమే పాదానికి విశ్రాంతి. నొప్పి లేని మనిషి కుంటడు. పుండు మీద పూర్తి బరువు వేసి రెండో రోజూ నడుస్తాడు, మూడో రోజూ నడుస్తాడు. చీము ఎముకదాకా పోయి, ఎముక ముక్కలై బయటికి వస్తుంది. పాదం పొట్టిదైపోతుంది. పొయ్యిమీంచి గిన్నె దించే స్త్రీకి మసిగుడ్డ జారినా తెలియదు. చర్మం కాలిన వాసన వచ్చాకే చెయ్యి చూసుకుంటుంది. రెప్ప మూతపడని కంట్లో దుమ్ము పడితే, గుచ్చుకున్నట్టు తెలియక నల్లగుడ్డు మీద పుండు పడి చూపు పోతుంది. వేళ్ళు జబ్బువల్ల కుళ్ళి రాలిపోతాయన్నది తరతరాల నమ్మకం. వేలూరులో శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ 1940ల చివర మొదలుపెట్టిన పరిశీలనలు దాన్ని తలకిందులు చేశాయి. వేళ్ళను తినేసింది వ్యాధి కాదు, గమనింపుకు రాని గాయాలు. కొందరి వేళ్ళను నిద్రలో ఎలుకలు కొరికేవని కూడా ఆయన బృందం కనుక్కుంది.

దీనికి విరుగుడు పెద్ద వైద్యమేమీ కాదు. రోజూ పాదాలు చూసుకోవడం, నీళ్ళలో నానబెట్టి గట్టిపడిన చర్మాన్ని గీకి నూనె రాసుకోవడం, మెత్తటి మైక్రో సెల్యులార్ రబ్బరు (ఎం.సి.ఆర్.) చెప్పులు వేసుకోవడం, పుండు పడితే నడవకుండా ఉండడం. ఈ చివరిదే అసాధ్యం. కూలికి పోతేనే పూట గడిచే ఇంట్లో ఆరు వారాల విశ్రాంతి ఎవరిస్తారు? ప్రభుత్వం ఇచ్చే ఎం.సి.ఆర్. చెప్పులు దూరం నుంచే గుర్తుపట్టేలా ఉండేవి. వాటిని వేసుకుంటే ఊరంతటికీ చెప్పుకున్నట్టే కాబట్టి చాలామంది వేసుకోలేదు. మామూలు చెప్పుల్లా కనిపించేటట్టు తయారుచేయడం తరువాత మొదలైంది. ఇంత చిన్న మార్పుకు అంతకాలం పట్టడాన్ని నేను సాంకేతిక లోపంగా చూడలేను. వేసుకునే మనిషిని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు లెక్కల దగ్గరికి వద్దాం. జాతీయ కుష్టు నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలై, 1983లో నిర్మూలన కార్యక్రమంగా మారింది. 1981లో మనదేశంలో పదివేల మందికి 57కు పైగా రోగులు నమోదై ఉండేవారు. 2005 డిసెంబరు నాటికి ఆ సంఖ్య ఒకటి కంటే తగ్గిందని, ప్రజారోగ్య సమస్యగా కుష్టును తొలగించామని ప్రభుత్వం ప్రకటించింది. ఇది గొప్ప విజయమే. బహుళ ఔషధ చికిత్స లక్షలాది మంది చేతుల్నీ కాళ్ళనీ కాపాడింది. కానీ ఇక్కడ లెక్కకు వచ్చింది, ఆ రోజున మందు వాడుతున్నవారి సంఖ్య మాత్రమే. మందు ముగించిన రోజున పేరు రిజిస్టరు నుంచి తొలగుతుంది. సూక్ష్మజీవులు ఎక్కువగా ఉన్న రకానికి 24 నెలల చికిత్సను 1990ల చివర 12 నెలలకు కుదించారు. వైద్యపరంగా అది సరైన నిర్ణయమే. కానీ ఏటా అంతేమంది కొత్త రోగులు వచ్చినా, రిజిస్టరులో ఉండే ఆ రకం రోగులు ఆ ఒక్క మార్పుతోనే సగానికి సగం తగ్గుతారు.

ఆ తరువాత జరిగింది మరింత ఆలోచించవలసిన విషయం. 2004-05లో దేశంలో సుమారు 2.6 లక్షల కొత్త కేసులు నమోదయ్యాయి. మరుసటి ఏడాది అవి 1.6 లక్షలు. ఐదేళ్ళ పొదిగే కాలం ఉన్న వ్యాధి ఒక్క ఏడాదిలో అంతగా తగ్గదు. తగ్గింది వెతకడం. ఇంటింటి సర్వేలు ఆగాయి, కుష్టు కోసమే పనిచేసిన సిబ్బందిని సాధారణ ఆరోగ్య విభాగంలో కలిపేశారు. 2016లో ప్రత్యేక గాలింపు మొదలుపెట్టగానే సంఖ్య మళ్ళీ పెరిగి 2016-17లో 1.35 లక్షలు దాటింది. కోవిడ్ కాలంలో, 2020-21లో, 65 వేలకు పడిపోయి, 2022-23లో తిరిగి లక్ష దాటింది. ప్రపంచంలో ఏటా బయటపడే కొత్త కేసుల్లో సగానికి పైగా ఇప్పటికీ మనదేశంలోనివే.

వైకల్యాన్ని కూడా లెక్కిస్తున్నాం కదా అని అడగవచ్చు. లెక్కిస్తున్నారు. కంటికి కనిపించే వైకల్యాన్ని రెండో శ్రేణి అంటారు. కొత్త రోగుల్లో ఈ శ్రేణి వారు ఎంతమందో ఏటా ప్రచురిస్తారు. 2022-23లో నూటికి రెండున్నర కంటే తక్కువే. కానీ ఇది వ్యాధి గుర్తించిన రోజున తీసే లెక్క. ఆ రోజున చేతులు బాగానే ఉండి, మందు ముగిసిన నాలుగేళ్ళకు వేళ్ళు వంకరపోయిన మనిషి ఈ సూచికలోకి రాడు. వైకల్య నివారణ, పునరావాసం కోసం కార్యక్రమంలో ఒక విభాగం ఉంది, వైకల్య రిజిస్టర్లూ ఉన్నాయి. అయితే రాష్ట్రాల పనితీరును తూచేది వాటితో కాదు. దేనితో తూస్తారో సిబ్బంది దాని మీదే శ్రద్ధ పెడతారు. ఇందులో ఏ ఒక్క ఉద్యోగి తప్పూ లేదు.

చట్టం కూడా చాలాకాలం ఇదే గుడ్డితనంతో నడిచింది. 1898 నాటి కుష్టురోగుల చట్టం, బీదవాడైన రోగిని వారంటు లేకుండా పట్టుకొని ఆశ్రమానికి పంపే అధికారం పోలీసులకు ఇచ్చింది. ఊరి బావిలో స్నానం, అమ్మకానికి వంట, అందరూ ఎక్కే బండి ప్రయాణం రోగులకు నిషేధించడానికి దారి వేసింది. చాలా రాష్ట్రాలు ముందే పక్కనపెట్టినా, కేంద్ర చట్టాల పుస్తకంలో అది 2016 దాకా ఉంది. హిందూ వివాహ చట్టం, ముస్లిం వివాహాల రద్దు చట్టం, ప్రత్యేక వివాహ చట్టం వంటి వాటిలో కుష్టును విడాకులకు కారణంగా చూపే అంశాన్ని తొలగించింది 2019లో. పూర్తిగా నయం చేసే మందు వచ్చి అప్పటికి దాదాపు నలభై ఏళ్ళు. ఒడిశాలో ఎన్నికైన ఒక పురపాలక సభ్యుడిని కుష్టు కారణంగా అనర్హుడిని చేసిన నిబంధనను 2008లో ధీరేంద్ర పాండువా కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. మార్చే సంగతి శాసనసభ ఆలోచించాలని సూచించి వదిలింది. 2015లో లా కమిషన్ తన 256వ నివేదికలో వివక్ష నిర్మూలనకు ప్రత్యేక చట్టం ముసాయిదానే రాసిచ్చింది. 2018లో పంకజ్ సిన్హా కేసు తీర్పులో సుప్రీంకోర్టు, ఆస్పత్రులు ఈ రోగులను వేరుగా ఉంచకూడదని, ప్రచారంలో భయపెట్టే బొమ్మలు వాడవద్దని ఆదేశించింది. 2024లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ వైద్య వృత్తి నమోదుకు, ఆరోగ్య విశ్వవిద్యాలయానికి సంబంధించిన చట్టాల నుంచి ఇలాంటి అనర్హతలను తీసేసింది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో మాత్రం ఒక మంచి నిర్వచనం ఉంది. బయటికి వైకల్యం ఏమీ కనిపించకపోయినా చేతుల్లో, పాదాల్లో స్పర్శ కోల్పోయినవారు కూడా కుష్టు నుంచి కోలుకున్న వికలాంగులే అని అది అంటుంది. ఈ వ్యాసం మాట్లాడుతున్న మధ్యకాలాన్ని గుర్తించిన వాక్యం, నాకు తెలిసినంతలో, అదొక్కటే. కానీ చాలా ప్రయోజనాలకు 40 శాతం వైకల్యం ఉండాలి. పది వేళ్ళూ నిటారుగా ఉన్న చెయ్యి పరీక్ష బల్ల మీద నిండుగానే కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో బహుళ వైకల్యం ఉన్న కుష్టు బాధితులకు 2024 జూలై నుంచి నెలకు రూ. 6,000 పింఛను ఇస్తున్నారు. ఇది నిజంగా ఊరట. అయినా క్రమం చూడండి: అవయవాలు చాలావరకు పోయాక డబ్బు వస్తుంది. అవి పోకుండా ఇంటిపట్టున ఉండి పుండు మాన్చుకోవలసిన రోజుల్లో రాదు.

ఆ పింఛను చేతికి రావడంలోనూ ఒక చిక్కు ఉంది. ఆధార్ వేలిముద్ర అడుగుతుంది. ఈ వ్యాధిలో దెబ్బతినేవి వేళ్ళు, కళ్ళు. వేలిముద్ర పడకపోతే ఐరిస్ అంటారు. నల్లగుడ్డు తెల్లబడిన మనిషికి అదీ పడదు. మినహాయింపుల నిబంధనలు ఉన్నాయి. కానీ వాటిని అడిగి సాధించుకోవలసింది, నలుగురిలో చెయ్యి బయటపెట్టడానికే సంకోచించే మనిషి.

తెలుగు నేల మీద ఈ చరిత్రకు గుర్తులు చాలా ఉన్నాయి. వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ 1911లో నిజామాబాద్‌లో మొదలుపెట్టిన సేవ, నర్సాగౌడ్ విరాళంతో డిచ్‌పల్లి ఆస్పత్రిగా ఎదిగింది. మందు లేని ఆ రోజుల్లో చాల్‌మోగ్రా నూనె కోసం దూరాల నుంచి రోగులు వచ్చేవారు. సాలూరులో లెప్రసీ మిషన్ ఆస్పత్రి, చిలకలపల్లిలో గాంధీ స్మారక కుష్టు నివారణ సంస్థ కేంద్రం, కూకట్‌పల్లిలో 1958లో కుముదినీ దేవి నెలకొల్పిన శివానంద పునరావాస కేంద్రం ఆ కోవలోనివే. ఇలాంటి ఆస్పత్రుల గేట్ల బయటే చాలా కాలనీలు పుట్టాయి. నయమైనవారిని ఇళ్ళకు రానివ్వలేదు. వాళ్ళు అక్కడే ఒకరినొకరు పెళ్ళాడి, పిల్లల్ని కని, గుడిసెలు వేసుకున్నారు. దేశంలో ఇలాంటి కాలనీలు వందల్లో ఉన్నాయి. చాలావాటిలో ఇప్పుడున్నది మూడో తరం. వాళ్ళకు జబ్బు లేదు, చిరునామా ఉంది. సంబంధాలు చూసేటప్పుడు, పనిలో చేరేటప్పుడు ఆ చిరునామాయే అడ్డొస్తుంది. ఊరికి దూరంగా ఉండాలని నాడు విసిరేసిన చోటికి నగరం తానే నడిచొచ్చింది. కూకట్‌పల్లి ఇప్పుడు హైదరాబాద్ నగరంలో భాగం. అర్ధశతాబ్దంగా బతుకుతున్న నేలకు పట్టా లేని కాలనీలకు భూమి ధర పెరగడం శుభవార్త కాదు.

కాలనీల్లో ఉన్నవారైనా ఎవరికో ఒకరికి కనిపిస్తారు. సంస్థలు వస్తాయి, కట్టు కట్టే గది ఒకటి ఉంటుంది. ఇంట్లోనే ఉండి దాచుకున్నవారి పరిస్థితి అంతకంటే కష్టం, వారిలోనూ స్త్రీలది మరీ కష్టం. భర్తకు తెలియకుండా మందు వాడిన స్త్రీ తరువాత తిమ్మిరి గురించి ఎవరికీ చెప్పదు. ఆమె పాదం పరీక్షించడానికి ఆస్పత్రి నుంచి మనిషి వస్తే ఇంట్లో ప్రశ్నలు మొదలవుతాయి. కుష్టుకే విడిగా కాకుండా, మధుమేహం వల్ల స్పర్శ తగ్గిన పాదాలనూ కలిపి చూసే పాదాల క్లినిక్ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికి ఒకరోజు నడిస్తే ఆమె కూడా రాగలదు. రెండు జబ్బుల్లోనూ పుండు పడే తీరు ఒకటే, చెప్పులూ దాదాపు ఒకటే. మధుమేహం ఉందని చెప్పుకోవడానికి ఎవరూ సిగ్గుపడరు.

దానితోపాటు, మందు ముగించినవారి పేరు తొలగించకుండా మరో పేజీలోకి మార్చి, నరాల పరీక్షను మొదటి రెండేళ్ళు మూడు నెలలకోసారి, ఆ తరువాత ఏటా చేసి, ఫలితాన్ని కొత్త కేసుల సంఖ్య పక్కనే ప్రచురించాలి. కొత్త రోగిని గుర్తించినందుకు, చికిత్స పూర్తి చేయించినందుకు ఆశా కార్యకర్తకు ఇప్పటికే ప్రోత్సాహకం ఇస్తున్నారు. చికిత్స పూర్తయిన ఐదేళ్ళకు కూడా పుండు లేని పాదానికి అలాంటిదే ఇవ్వవచ్చు.