మారువేషంలో డిటెక్టివ్: మన ఇండ్లలోని పాత అపరాధ పరిశోధన నవలలు

అపరాధ పరిశోధన నవలల్లో ఒక రకం ఉంది. హత్య జరిగేది కోటలో కాదు, అడవిలో కాదు. అందరూ మంచివాళ్లుగానే కనబడే ఓ చిన్న పేటలో. పోలీసు డ్రెస్సులో పోతే అక్కడ ఎవరూ నోరు విప్పరు. అందుకని డిటెక్టివ్ పేరు మార్చుకుని అక్కడే అద్దెకు దిగుతాడు.

అగాథా క్రిస్టీ 1941 నాటి ‘ఎన్ ఆర్ ఎమ్?’ ఇలాంటిదే. టామీ, టుపెన్స్ అనే భార్యాభర్తలు ఒకరినొకరు ఎరుగనట్టు సముద్రపొడ్డు బోర్డింగు ఇంట్లో చేరి జర్మన్ గూఢచారుల కోసం వెతుకుతారు. అందులో ఒకాయన పేరు మేజర్ బ్లెచ్లీ. అప్పుడు బ్లెచ్లీ పార్కులో జర్మన్ల రహస్య సంకేతాలు విప్పే పని గుట్టుగా నడుస్తోంది. ఈమెకెట్లా తెలిసిందని బ్రిటిష్ గూఢచారి శాఖ ఆరా తీసింది. ఆ స్టేషన్లో రైలు ఆగిపోయి విసుగొచ్చి, నచ్చని పాత్రకు ఆ పేరు పెట్టానని ఆమె జవాబు!

తెలుగులో ఈ దారి వేసినవారిలో ముందు చెప్పుకోవాల్సింది కొమ్మూరి సాంబశివరావును (1926–1994). ఆయన డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు. ‘ఉరితాడు’, ‘చావుకేక’ లాంటివి ఇప్పుడు చదివినా పట్టు సడలదు. టెంపోరావు, విశ్వప్రసాద్ కూడా రాశారు. ఆరుద్ర అంతటి కవి ‘పలకల వెండి గ్లాసు’ రాశారు. తర్వాత మధుబాబు షాడో వచ్చాడు. మల్లాది ‘చంటబ్బాయ్’ 1986లో జంధ్యాల చేతిలో చిరంజీవి సినిమా అయింది. మరాఠీ చదివిన మన పిల్లలకైతే బాబురావ్ అర్నాళ్కర్ పేరు చెబితే చాలు. ఆయన రహస్యకథలు వెయ్యికి పైనే.

మన కనేరిలో ఈ మారువేషం ఎన్నాళ్లు నిలుస్తుంది? ఏ ఊరు, ఇంటిపేరేంది, ఎవరి కార్ఖానాల పని? మూడు ప్రశ్నల్లో బయటపడతాడు. అయితే సాంచాల చప్పుడులో చావుకేక మాత్రం ఎవరికీ వినబడదు. ఇక్కడి కథ ఇక్కడివాళ్లే రాయాలని మేమనేది అందుకే.

ఇంట్లో తెలుగు చదివేవాళ్లు తగ్గేకొద్దీ ఈ పుస్తకాలు కిలోల లెక్కన రద్దీవాలాకు పోతున్నాయి. ఆపగలిగితే ఆపండి. పిల్లలకు తెలుగు అక్షరాలు రాకుంటే రాత్రికో అధ్యాయం పైకి చదివి వినిపించండి, హంతకుడెవరో తెలిసేదాకా వాళ్లే అడుగుతారు. పాతవి కొనేటప్పుడు మాత్రం చివరి పేజీలు ఉన్నాయో లేదో ముందే చూసుకోండి.