లెక్కకు అందని నిరీక్షణ: ఉత్తరాంధ్ర క్రైస్తవ చరిత్ర చెప్పేది

చీపురుపల్లి, గరివిడి, నెల్లిమర్ల పరిసరాల్లో మంచి రోజులు ఎక్కడో తేలే ధరల మీద ఆధారపడి వచ్చి పోతుంటాయి. దేశంలో మాంగనీసు తవ్వకం 1890లలో మొదలైంది ఈ ప్రాంతపు కోడూరు గనిలోనే. 1950లలో గరివిడి దగ్గర ఫెర్రో అల్లాయిస్ కర్మాగారం వెలిసింది. అప్పటినుంచి ఉక్కు ధర పడినా, కరెంటు చార్జీ పెరిగినా ఆ దెబ్బ కార్మికుల ఇళ్ల దాకా వస్తోంది. పొలం వాన మీద, వానలేని ఏడు వలస మీద నడిచే బతుకులు మిగతావి. ఇలాంటి చోట రేపటి మీద ఆశ పెట్టుకోమని చెప్పడం తేలిక, దానికి కట్టుబడి ఉండడం కష్టం. క్రైస్తవ సంఘాలు రెండు వందల ఏళ్లకు పైగా ఈ ప్రాంతంలో ఆ మాట చెబుతున్నాయి. వారు చెప్పిన నిరీక్షణ ఎలాంటిదో ప్రసంగాల కంటే వారు తలకెత్తుకున్న పనులు బాగా చెబుతాయి. తమ జీవితకాలంలో ఫలం కనిపించదని తెలిసిన పనిని కూడా శ్రద్ధగా చేయడమే ఆ నిరీక్షణ అని నా అభిప్రాయం. పరిస్థితులు బాగుపడతాయన్న అంచనాతో దానికి పెద్దగా పని లేదు.

మొదటి సాక్ష్యం విశాఖపట్నంలో ఉంది. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ 1805లో అక్కడికి చేరారు. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో చనిపోయారు. ఆ కొద్ది ఏళ్లలో వారు చేసిన ముఖ్యమైన పని తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడి సాయంతో సువార్తలను తెలుగులోకి తేవడం. మూడు సువార్తలు శ్రీరాంపూరులో అచ్చయింది 1812లో, అంటే అనువాదకులిద్దరూ కన్నుమూశాక. తర్వాత ఎడ్వర్డ్ ప్రిచెట్ కొత్త నిబంధన మొత్తాన్ని పూర్తి చేశాడు. జాన్ గార్డన్, జాన్ హే మొదలైనవారి చేతులు మారుతూ సంపూర్ణ బైబిలు అచ్చులోకి రావడానికి పందొమ్మిదో శతాబ్ది నడిమి దాకా పట్టింది. సుమారు తొలి ముప్పయ్యేళ్లలో చెప్పుకోదగ్గ తెలుగు సంఘమే అక్కడ ఏర్పడలేదు. చదివేవారు ఎవరో, ఎప్పటికి వస్తారో తెలియకుండానే ఒక్కో వాక్యానికి సరైన తెలుగు వెతికారు వాళ్లు. మొండితనం అనవచ్చు దాన్ని. నాకు మాత్రం అంతకంటే ఓర్పుగల నిరీక్షణ మరొకటి కనిపించదు.

ఆ గ్రంథానికి రాగతాళాలు సమకూర్చిన మనిషి పురుషోత్తమ చౌదరి. పర్లాకిమిడి ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబంలో 1803లో పుట్టి, 1833లో బాప్తిస్మం పొంది, 1890 దాకా జీవించాడు. కులాన్నీ బంధువర్గాన్నీ పోగొట్టుకున్నవాడు తనకు పరిచితమైన కర్ణాటక రాగాల్లోనే కీర్తనలు కట్టాడు. ఇంగ్లిషు బాణీలకు తెలుగు మాటలు అతికించే కాలంలో ఇది చిన్న సంగతి కాదు. చదువు రాని కూలివాడు కూడా కీర్తన నోటికి నేర్చుకుంటాడు, దుఃఖం వచ్చిన రాత్రి పాడుకుంటాడు. ఆ కీర్తనలు ఇవాళ్టికీ తెలుగు సంఘాలన్నింటి నోళ్లలో ఉన్నాయి. 1874లో కాకినాడలో పని మొదలుపెట్టిన కెనడా బాప్టిస్టులు భీమిలి, శ్రీకాకుళం, బొబ్బిలి, విజయనగరం దాకా విస్తరించి బడులు, ఆసుపత్రులు తెరిచినప్పుడు ఆ పాటల వల్ల వారి భారం సగం తగ్గింది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఎదురవుతుంది. జనం విశ్వాసంలోకి వచ్చింది నిరీక్షణతో కాదు, ఆకలితో అంటారు. ఎక్కువగా చూపే ఉదాహరణ ఒంగోలుది. 1876–78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. అయితే కరువు పని సాగినంతకాలం క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడన్నది మరచిపోరాదు. అంతకు పదేళ్లకు పైగా ముందే ఎర్రగుంట్ల పేరయ్య మాదిగ పల్లెల్లో తిరిగి సువార్త చెప్పాడు. ఇంత చెప్పినా అభ్యంతరం పూర్తిగా తొలగదు, తొలగించాల్సిన అవసరమూ లేదు. కడుపు నిండాలని, తోటి మనిషిగా గుర్తించాలని కోరుకోవడం ఆత్మకు పట్టని విషయమని ఎవరు నిర్ణయించారు? ఊరి బావి దగ్గరకు రానివ్వని మనిషికి తన బిడ్డ బడికి వెళ్లడమే భవిష్యత్తు అనే మాటకు మొదటి అర్థం.

అయినా ఒంగోలు ఉదాహరణతోనే ఆగిపోతే నిరీక్షణను విజయంతో కలిపేసే ప్రమాదం ఉంది. అంకెలే ప్రమాణమైతే ఉత్తరాంధ్ర ఓడిన పొలం. 2011 జనాభా లెక్కల్లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో క్రైస్తవులుగా నమోదైనవారు నూటికి ఒక్కరు కూడా లేరు. క్రైస్తవుడిగా రాయించుకుంటే ఎస్సీ హోదా పోయేలా చేసిన 1950 ఉత్తర్వు వల్ల ఆ అంకె అసలుకంటే తక్కువై ఉండవచ్చు. అయినా సంఘం చిన్నదే. అందుకే ఈ ప్రాంతం నాకు విలువైనదిగా తోస్తుంది. సాలూరు చూడండి. జర్మనీ నుంచి వచ్చిన బ్రెక్లుమ్ లూథరన్లు 1880లలో అక్కడ అడుగుపెట్టారు, తర్వాత కుష్ఠు రోగులకు ఆశ్రయం కల్పించారు. కుష్ఠుకు పనిచేసే సల్ఫోన్ మందులు 1940లలో గానీ రాలేదు. అంతకుముందు ఉన్నదల్లా చాల్‌ముగ్రా నూనె. దాని గుణం అంతంత మాత్రం. నయమవుతుందన్న హామీ లేకుండా పుండ్లు కడిగి, కట్లు మార్చి, వేళ్లు పోయిన చేతికి గిన్నె అందించడం రోజూ జరిగిన పని. మందు వచ్చిననాడు రోగులను వెతుక్కోవాల్సిన అవసరం లేకపోయింది, వారు అప్పటికే ఒక కప్పు కింద ఉన్నారు. అలాగే సోంపేట ఆరోగ్యవరంలో డాక్టర్ బెన్ గల్లిసన్ చేసిన కంటి శుక్లాల ఆపరేషన్లకు నిధుల కోసం 1963లో కెనడాలో మొదలైన ప్రయత్నమే ఆపరేషన్ ఐసైట్ అనే అంతర్జాతీయ సంస్థగా ఎదిగింది.

మరో అభ్యంతరం పాతదే: పరలోకపు ఆశ ఇక్కడి అన్యాయాన్ని భరించడం నేర్పుతుందని. అలా నేర్పిన ప్రసంగాలు ఉన్నాయి, వాటిని సమర్థించను. కానీ చరిత్ర మొత్తం ఆ వైపు లేదు. దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరుకు తోటలకు గిర్మిట్ (కూలి ఒప్పందం) మీద వెళ్లిన తెలుగువారు తమకో కాపరి కావాలని స్వదేశపు సంఘాన్ని అడిగితే, నెల్లూరు ప్రాంతపు బాప్టిస్టులు 1903లో జాన్ రంగయ్యను పంపారు. ఒప్పందపు కూలీలు తమ చేతులతో సంఘాలు కట్టుకున్నారు. నోరెత్తని జనం చేసే పని కాదది. జర్మన్ వేదాంతి యుర్గెన్ మోల్ట్‌మన్ 1943లో హాంబర్గ్ బాంబుదాడిని చూసి, యుద్ధఖైదీగా బతికి, 1964లో నిరీక్షణ మీద గ్రంథం రాశాడు. దేవుడి వాగ్దానాన్ని నమ్మినవాడు ఉన్న లోకంతో రాజీపడలేడన్నది అందులో ఆయన వాదం. దాన్ని కూలీలు అంతకు ఆరు దశాబ్దాల ముందే ఆచరించారు.

తిత్లీ తుపాను 2018 అక్టోబరులో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టినప్పుడు, రెండేళ్లకు కోవిడ్ వలస కూలీలను రోడ్డుమీద నడిపించినప్పుడు, అంత్యదినాల లెక్కలు కట్టే బోధకులు మళ్లీ బయటికొచ్చారు. ఇంకోవైపు, విశ్వాసముంటే కష్టమే రాదనే బోధ. మొదటిది భవిష్యత్తును మూసేస్తుంది, రెండోది దాన్ని బేరానికి పెడుతుంది. ఈ రెండింటికీ భిన్నంగా, యెరూషలేము ముట్టడిలో ఉండగా ప్రవక్త యిర్మీయా అనాతోతులో పొలం కొన్నాడు, దస్తావేజు రాయించి మట్టికుండలో భద్రపరచమన్నాడు. నగరం కూలుతుందని పదేపదే హెచ్చరించింది కూడా ఆయనే. మన సంఘాల దగ్గర చాలాచోట్ల ఇప్పుడున్నది మిషన్ స్థలాల మీద కోర్టు తగాదాలు, మూతపడిన హాస్టళ్లు, వైద్యులు లేని ఆసుపత్రి భవనాలు. గరివిడి కార్మికుడి పిల్లలకూ కిడ్నీ జబ్బు విస్తరించిన ఉద్దానంలోని రోగికీ ఉపయోగపడగల నేల అది. దాన్ని ముక్కలుగా అమ్ముకుంటూ ఆదివారం నిరీక్షణ గురించి ప్రసంగించడం కుదరదు. తగాదాలు పరిష్కరించుకుని, ఉన్న భవనాల్లో కనీసం ఒక్కదాన్నైనా డయాలసిస్‌కో రాత్రిబడికో తెరవడం నేటి సంఘానికి సాధ్యమైన పనే.