ఉత్తరం అందలేదు, ఫోన్ కలిసింది: రోమియో జూలియట్ నుంచి సైరాట్ దాకా

  ఈ రోజు ప్రశ్న చాలా చిన్నది. రోమియోని, జూలియట్‌ని చంపింది ఎవరు?

విషం అంటారు, కత్తి అంటారు. అవి ఆయుధాలు మాత్రమే. చంపింది ఎవరు అని అడుగుతున్నాను. నాలుగు వందల ఏళ్లుగా ఈ కథని ఎవరు తిరిగి చెప్పినా ఈ ప్రశ్నకి తమ కాలానికి తగ్గ జవాబు రాసుకున్నారు. మన సినిమాలు కూడా రాసుకున్నాయి. ఆ జవాబు ఎలా మారుతూ వచ్చిందో చూస్తే మన ఇళ్ల గురించి కూడా కొంచెం తెలుస్తుంది.

ముందే చెప్పేస్తున్నా, ఈ ఎపిసోడ్‌లో మూడు నాలుగు సినిమాల క్లైమాక్స్ మొత్తం చెప్తాను. స్పాయిలర్ అని తిట్టుకోవద్దు. షేక్‌స్పియర్ కూడా అదే చేశాడు. నాటకం మొదలవ్వగానే ఒక కోరస్ వచ్చి, ఈ ఇద్దరూ చనిపోతారు, పెద్దవాళ్ల పగ వీళ్ల చావుతోనే చల్లారుతుంది అని చెప్పేసి వెళ్లిపోతుంది. అంటే ఏం జరుగుతుంది అన్నది అక్కడ సస్పెన్స్ కాదు. ఎలా జరుగుతుంది, ఎక్కడ ఆగి ఉండొచ్చు అన్నదే అసలు విషయం.

నిజానికి ఈ కథ షేక్‌స్పియర్ సొంతం కాదు. ఇటలీలో ముందునుంచే ఉంది. లుయీజీ దా పోర్తో అనే రచయిత 1530 ప్రాంతంలో దీన్ని వెరోనా నగరంలో పెట్టాడు. తర్వాత బాండెల్లో రాశాడు, అది ఫ్రెంచ్‌లోకి వెళ్లింది, అక్కడి నుంచి 1562లో ఆర్థర్ బ్రూక్ అనే ఆయన ఇంగ్లీషులో పెద్ద పద్యకావ్యంగా రాశాడు. షేక్‌స్పియర్ చేతిలో ఉన్నది ముఖ్యంగా ఈ బ్రూక్ పుస్తకమే.

ఇక్కడ ఒక విషయం గమనించండి. బ్రూక్ తన ముందుమాటలో తప్పంతా ప్రేమికుల మీదే వేశాడు. పెద్దల మాట వినలేదు, అందుకే ఇలా అయ్యింది అన్న ధోరణి. ఎక్కడో విన్నట్టు ఉంది కదా? ఇప్పటికీ ఇలాంటి వార్త వస్తే మొదట వినిపించే మాట ఇదే.

షేక్‌స్పియర్ 1595 ప్రాంతంలో నాటకం రాసేటప్పుడు ఆ నీతిబోధ తీసేశాడు. దాని స్థానంలో రెండు కుటుంబాల పగని పెట్టాడు. బ్రూక్ దగ్గర నెలల తరబడి సాగిన కథని నాలుగైదు రోజుల్లోకి కుదించాడు. బ్రూక్ దగ్గర 16 ఏళ్లున్న జూలియట్‌కి ఇక్కడ 14 కూడా నిండలేదు. ఎవరికీ ఆలోచించే టైమ్ లేదు.

ఇప్పుడు అసలు ఘట్టం. రోమియోకి దేశబహిష్కారం పడింది, మాంటువా అనే ఊళ్లో ఉన్నాడు. ఇక్కడ జూలియట్‌కి వేరే పెళ్లి ఖాయం చేశారు. పాదిరి లారెన్స్ ఒక మందు ఇస్తాడు. తాగితే చచ్చిపోయినట్టు కనిపిస్తుంది, గంటల తర్వాత లేస్తుంది. ఈ ప్లాన్ మొత్తం రోమియోకి ఉత్తరంలో రాసి, జాన్ అనే ఇంకో పాదిరి చేత పంపుతాడు. ఆ జాన్ దారిలో తోడు కోసం ఒక ఇంటికి వెళ్తాడు. ఆ ఇంట్లో అంటువ్యాధి ఉందని అనుమానం వచ్చి, అధికారులు తలుపులకి సీలు వేసేస్తారు. క్వారంటైన్ అన్నమాట. ఉత్తరం కదల్లేదు. జూలియట్ పోయిందన్న కబురు మాత్రం రోమియోకి చేరింది.

సాఫ్ట్‌వేర్‌లో పని చేసినవాళ్లకి ఇది బాగా అర్థమవుతుంది. మెసేజ్ పంపారు, అందిందో లేదో తెలియదు, బ్యాకప్ లేదు. అయితే ఆ కాలపు ప్రేక్షకులకి ఇది సినిమాటిక్ యాదృచ్ఛికం కాదు. ప్లేగు వల్ల లండన్ థియేటర్లు 1592 నుంచి 1594 వరకు చాలా కాలం మూతబడ్డాయి. సీలు వేసిన తలుపులు వాళ్లు తమ వీధుల్లోనే చూశారు.

కాబట్టి షేక్‌స్పియర్ జవాబు ఇది: చంపింది పగ, కానీ చివరి దెబ్బ కొట్టింది అందని ఉత్తరం. జూలియట్ తండ్రి కేపులెట్ మంచివాడేం కాదు. చెప్పిన పెళ్లి చేసుకోకపోతే వీధిలో చచ్చినా పట్టించుకోను అంటాడు. కానీ ఆ ఇంట్లో ఎవరూ జూలియట్ మీద కత్తి ఎత్తలేదు. శవాలు చూశాక ఇద్దరు తండ్రులూ చేతులు కలుపుతారు, బంగారు విగ్రహాలు పెడతాం అంటారు.

ఆ ముగింపు కూడా అందరికీ మింగుడు పడలేదు. 1660ల్లో జేమ్స్ హోవర్డ్ అనే ఆయన ప్రేమికులు బతికేలా మార్చి రాశాడట. ఒక రోజు చచ్చిపోయే వెర్షన్, మరుసటి రోజు బతికే వెర్షన్ మార్చి మార్చి వేసేవారని జాన్ డౌన్స్ అనే నాటి థియేటర్ ప్రాంప్టర్ రాసి పెట్టాడు. డబుల్ క్లైమాక్స్ మన సినిమావాళ్లు కనిపెట్టింది కాదు!

మన దగ్గర పరిస్థితి వేరు. సంస్కృత నాటక సంప్రదాయంలో కథ ఎన్ని కష్టాలు పడినా శుభంగా ముగియాలి. తెలుగులో ఆ కట్టుబాటు దాటినవారిలో పెద్దపేరు ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారిది. 19వ శతాబ్దం చివర బళ్లారిలో ఆయన రాసిన "విషాద సారంగధర" తెలుగులో తొలి విషాదాంత నాటకంగా పేరు పొందింది. కథ మీకు తెలిసిందే. సవతి తల్లి వేసిన నింద నమ్మి, రాజరాజ నరేంద్రుడు సొంత కొడుకు కాళ్లు చేతులు నరికించమంటాడు. పాత కథలో సిద్ధుడి మహిమతో సారంగధరుడు తేరుకుంటాడు. ధర్మవరం వారు ఆ ఓదార్పు ఇవ్వలేదు.

ఇక్కడ అరిస్టాటిల్‌ని ఒక్క నిమిషం పిలుద్దాం. క్రీస్తు పూర్వం 4వ శతాబ్దంలో ట్రాజెడీ గురించి రాస్తూ ఆయన ఒక మాట చెప్పాడు. శత్రువు శత్రువుని చంపితే మనకి పెద్దగా జాలి కలగదు. అన్న తమ్ముడిని, కొడుకు తండ్రిని, తల్లి కొడుకుని, అంటే సొంతవాళ్లే సొంతవాళ్లకి హాని చేసినప్పుడు గుండె తరుక్కుపోతుంది. అందులో కూడా రెండు రకాలు. తెలియక చేయడం, తెలిసి చేయడం. తెలియక చేసి, తర్వాత నిజం తెలిసి కుమిలిపోయే కథే మెరుగు అన్నాడాయన. ఈడిపస్ అలాంటిది. మన సారంగధర తండ్రి కూడా అంతే. తెలియక చేశాడు.

ఈ రెండు మాటలు, తెలియక, తెలిసి, గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు సినిమాల్లోకి వెళ్దాం.

1978, కె. బాలచందర్ గారి "మరో చరిత్ర". వైజాగ్ బీచ్, భీమిలి, కమల్ హాసన్, సరిత. తమిళ అబ్బాయి, తెలుగు అమ్మాయి. పగ లేదు, భాష అడ్డు. పెద్దలు ఒక షరతు పెడతారు: ఏడాది పాటు కలవకూడదు, ఉత్తరాలు కూడా రాసుకోకూడదు. చూశారా, వెరోనాలో ఉత్తరం ఆగిపోయింది, ఇక్కడ పెద్దలే ఉత్తరాన్ని నిషేధించారు. తీరా గడువు తీరి కలవాల్సిన వేళకి బయటివాళ్ల దాడిలో పడి ఇద్దరి ప్రాణాలూ పోతాయి. మద్రాసులో డబ్బింగ్ లేకుండా ఏడాది దాటి ఆడిన తెలుగు సినిమా ఇది. 1981లో బాలచందర్ గారే హిందీలో "ఏక్ దూజే కే లియే" తీశారు. ఆ క్లైమాక్స్ చూసి థియేటర్ బయటికి వచ్చినవాళ్లు ఏమనుకుని ఉంటారు? పాపం, విధి. ఇంకో పది నిమిషాలు ఆగి ఉంటే బాగుండేది. తల్లిదండ్రుల మీద కోపం వస్తుంది కానీ, హంతకులు వాళ్లు కాదు.

ఇప్పుడు 2016కి రండి. నాగరాజ్ మంజులే తీసిన మరాఠీ సినిమా "సైరాట్". షోలాపూర్ జిల్లా ప్రాంతపు పల్లె. ఆర్చీ ఊరి పెద్ద కూతురు. పర్శ్యా చేపలు పట్టే కులం అబ్బాయి. సగం సినిమా పాటలు, ఈతలు, ట్రాక్టర్, అల్లరి. తర్వాత పారిపోయి ఎక్కడికి వస్తారో తెలుసా? మన హైదరాబాద్‌కి. ఒక బస్తీలో చిన్న గది. ఆర్చీ ఫ్యాక్టరీలో పనికి కుదురుతుంది, తెలుగు నేర్చుకుంటుంది. ఏళ్లు గడుస్తాయి, బాబు పుడతాడు. ఒక రోజు ఆర్చీ అమ్మకి ఫోన్ చేస్తుంది. బాబు గొంతు వినిపిస్తుంది.

కొన్నాళ్లకి తమ్ముడు, బంధువులు అమ్మ ఇచ్చిన బట్టలు, కానుకలు పట్టుకుని వస్తారు. వీళ్లు సంతోషంతో టీ పెడతారు. బాబు పక్కింటామెతో బయటికి వెళ్లి తిరిగి వచ్చేసరికి అమ్మా నాన్నా నెత్తుటి మడుగులో ఉంటారు. బాబు ఏడుస్తూ బయటికి నడుస్తాడు, నేల మీద చిన్న చిన్న ఎర్రటి పాదాల గుర్తులు. సౌండ్ ఉండదు. అంతే, సినిమా అయిపోయింది.

ఇదే నేను ఈ ఎపిసోడ్‌లో చెప్పాలనుకున్న పాయింట్. వెరోనాలో ఉత్తరం అందలేదు కాబట్టి చనిపోయారు. సైరాట్‌లో ఫోన్ కలిసింది కాబట్టి చనిపోయారు. కబురు అంది ఉంటే బతికేవాళ్లు అని షేక్‌స్పియర్ ప్రేక్షకుడు బాధపడతాడు. కబురు అందకపోయి ఉంటే బతికేవాళ్లు అని మనం బాధపడతాం. ఇంకో చిత్రం ఏంటంటే, వెరోనాలో న్యాయం చెప్పేవాడు ప్రిన్స్. ఇక్కడ ఆర్చీ తమ్ముడి పేరు కూడా ప్రిన్సే. వాడు చంపడానికి వచ్చాడు.

ఇది అరిస్టాటిల్ చెప్పిన రెండో రకం. తెలిసి చేయడం. పొరపాటు లేదు, అపార్థం లేదు. ఇలాంటి కేసుల్లో క్షణికావేశం అనే మాట వాడుతుంటారు. ఏళ్లు గడిచాయి, పిల్లాడు పుట్టాడు, కానుకలు సర్దుకుని ఇంకో రాష్ట్రం దాకా ప్రయాణం చేసి వచ్చారు, ఇచ్చిన టీ తీసుకున్నారు. అది ఆవేశం అయితే ఎప్పుడో చల్లారాలి కదా. సైరాట్ ఆ సాకుని మన చేతిలోంచి లాగేసుకుంది.

అందుకే 2018లో హిందీలో "ధడక్"గా తీసినప్పుడు జరిగిన మార్పు చూడాలి. కులం గొంతు బాగా తగ్గిపోయింది, కథ రాజకీయ కుటుంబం గొడవలా మారింది. అమ్మాయి బతుకుతుంది, భర్త, బాబు పోతారు. విషాదం ఉంది. కానీ ఎందుకు చంపారు అన్న జవాబు మసకబారింది.

మన తెలుగులో 2021 "ఉప్పెన" ఇంకో దారి తొక్కింది. అక్కడ కూడా సముద్రం, మత్స్యకార కుర్రాడు, పరువే ప్రాణంగా బతికే తండ్రి. తండ్రి తెలిసే ఘోరం చేయిస్తాడు. కానీ ఇద్దరూ చావరు. కూతురు తండ్రి ఎదురుగా నిలబడి, నీ పరువుకి అర్థం ఏంటని నిలదీస్తుంది. ఆ ముగింపు మీద వాదనలు ఉండొచ్చు. కానీ తీర్పు చెప్పే పని చచ్చినవాళ్లకి కాకుండా బతికున్న అమ్మాయికి ఇచ్చింది, అది చిన్న విషయం కాదు.

ఇదంతా సినిమా కబుర్లేనా? కాదు. 2018 మార్చిలో శక్తి వాహిని కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: ఇద్దరు మేజర్లు ఇష్టపడి పెళ్లి చేసుకుంటే కుటుంబం, కులం, ఊరి పెద్దల అనుమతి అక్కర్లేదు. బెదిరింపులు ఉన్న జంటలకి రక్షణ ఇవ్వాలని, సేఫ్ హౌస్‌లు పెట్టే ఆలోచన చేయాలని రాష్ట్రాలకి చెప్పింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో మిర్యాలగూడలో పట్టపగలు ఏం జరిగిందో తెలుగువాళ్లందరికీ గుర్తుంది. ప్లాన్ వేసి, డబ్బిచ్చి చేయించిన హత్య అది.

విధి అన్నామంటే ఇక చేసేదేం ఉండదు, దండం పెట్టుకుని ఇంటికి వెళ్లిపోతాం. అందని ఉత్తరానికి ఎవరు మాత్రం ఏం చేస్తారు? కానీ తెలిసి చేసిన దాన్ని కూడా విధి ఖాతాలో వేస్తే, మనం మళ్లీ బ్రూక్ ముందుమాట దగ్గరికే, పిల్లలదే తప్పు అన్న చోటికే వెళ్లినట్టు. వెరోనాలో శవాలు చూసి పెద్దలు మారారు, అది నాటకం కాబట్టి నాలుగైదు రోజుల్లో అయిపోయింది. మన దగ్గర పారిపోయిన అమ్మాయి ఇంటికి ఫోన్ చేసినప్పుడు అవతల ఫోన్ ఎత్తేవాళ్లు ఏం మాట్లాడతారు అన్నది ఇంకా ఎవరూ రాసేయని సీన్. అది మన ఇళ్లల్లోనే ఉంది.

మీకు ఈ కోవలో ఇంకే సినిమా గుర్తొచ్చినా రాయండి. చంపింది ఎవరు అన్న ప్రశ్న దానికీ వేసి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.