హాలీ, కల్దార్, క్యూఆర్: ఏ పైసా చెల్లాలో చెప్పే ఇఖ్తియార్ ఎవరిది?

పాత బస్తీలో మా తరం వాళ్లు చిన్నప్పుడు దాదీ, నానీల నోట తరచూ విన్న సవాల్ ఒకటుంది. ఎవరైనా పాత ధర చెబితే వెంటనే "హాలీనా, కల్దారా?" అని అడిగేవారు. హాలీ అంటే ఇప్పుడు నడుస్తున్నది. నిజాం హుకూమత్ సిక్కాకు ఆ పేరు. కల్ అంటే యంత్రం. యంత్రంతో కొట్టిన అంగ్రేజీ రూపాయి కల్దార్. తరువాత మన టక్సాల్‌లోకి కూడా యంత్రాలు వచ్చాయి గానీ, జనం నోట కల్దార్ మాత్రం అంగ్రేజీ రూపాయిగానే ఉండిపోయింది.

ఈ పాత ముచ్చట ఇప్పుడు ఎందుకంటే, మన పిల్లలు లాడ్ బజార్ గాజులు, కార్చోబ్ దుపట్టాలు ఆన్‌లైన్ బజార్లలో అమ్ముతున్నారు. అక్కడ గ్రాహక్ ఏ దారిలో పైసలు ఇవ్వాలో దుకాణ్‌దార్ చెప్పలేడు, బజార్ యజమాని చెబుతాడు. ఇదేదో కొత్త జమానా వింత అనుకుంటాం గానీ, ఏ పైసా చెల్లాలి, ఏది చెల్లకూడదు అనే జగడా మన షహర్‌కు కొత్త కాదు.

మొదటి సాలార్ జంగ్ 1853లో దివాన్ అయ్యేనాటికి రియాసత్‌లో ఒకే సిక్కా అంటూ లేదు. చాలా చోట్ల టక్సాళ్లు, ఒక్కో దాని రూపాయికి ఒక్కో బరువు, ఒక్కో మేలు. ఒక జిల్లా రూపాయి ఇంకో జిల్లాలో పూర్తి విలువకు చెల్లేది కాదు. సర్రాఫ్ దగ్గరికి తీసుకుపోతే పరీక్షించి, కొంత కోసుకుని మార్చి ఇచ్చేవాడు. ఆ కోతకు పేరు బట్టా. సిస్తు కట్టే రైతు, నూలు కొనే జులాహా, గుర్రపు దళంలోని సిపాయి, అందరి కమాయీలోంచి బట్టా పోయేది. సాలార్ జంగ్ బయటి టక్సాళ్లు మూయించి, సిక్కా కొట్టే పనిని హైదరాబాద్‌కు తెచ్చాడు. ఆ రాజ టక్సాల్ మొదట పాత బస్తీలోనే, మొగల్‌పురా దగ్గరి సుల్తాన్ షాహీలో ఉండేది. 1903లో సైఫాబాద్‌కు మారింది. మహబూబ్ అలీ ఖాన్ జమానాలోనే రూపాయి మీదికి చార్మినార్ బొమ్మ ఎక్కింది.

ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోవాలి. సాలార్ జంగ్ చేసింది కూడా ఒక రకంగా పాబందీయే. ఫలానా సిక్కాయే నడవాలి అన్నాడు. కానీ దాని వల్ల బట్టా తగ్గింది, గరీబుకు ఫాయిదా కలిగింది. అంటే పాబందీ ప్రతిసారీ జుల్మ్ కాదు.

అయినా రెండు రూపాయల జమానా పోలేదు. సికింద్రాబాద్ కంటోన్మెంట్, రెసిడెన్సీ బజార్లు అంగ్రేజుల ఇలాఖా. అక్కడ కల్దార్ రాజ్యం. మూసీ ఇటువైపు హాలీ. ఒకే షహర్‌లో ఉద్యోగం అక్కడ, ఇల్లు ఇక్కడ ఉన్నవాడికి జేబులో రెండు సిక్కాలు. 100 కల్దార్‌కు ఇంచుమించు 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైలు లెక్క. సులువుగా చెప్పాలంటే ఆరు కల్దార్‌కు ఏడు హాలీ.

ఈ లెక్క గాలిలోంచి రాలేదు. పాత వెండి రూపాయలు తూచి చూడండి. కల్దార్ బరువు 11.66 గ్రాములు, అందులో 12 పాళ్లకు 11 పాళ్లు వెండి. హాలీ బరువు 11.18 గ్రాములు, అందులో వెండి దాదాపు 82 శాతం. ఆరు కల్దార్లలో సుమారు 64 గ్రాముల వెండి ఉంటుంది. ఏడు హాలీలలోనూ సుమారు అంతే. సర్రాఫ్ అనే మాట అరబీలోని సర్ఫ్ నుంచి వచ్చింది. సర్ఫ్ విషయంలో మన దీన్ చెప్పేది అందరికీ తెలిసిందే: వెండికి వెండి అయితే సమానంగా, చేతికి చేయి. తూకం తెలిసిన చోట మోసానికి జాగా తక్కువ.

1918లో హైదరాబాద్ సొంత కాగితం నోటు తెచ్చింది. హిందుస్తాన్ రియాసత్‌లలో అంతటి ఇజాజత్ దక్కింది దీనికే. ఉస్మానియా సిక్కా అని దాని పేరు. నోటు మీద ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడం, అంగ్రేజీలో విలువ రాసి ఉండేది. ఉర్దూ రాని రైతు కూడా తన చేతిలో ఎంతుందో చదువుకోవాలి కదా. 1942లో పని మొదలుపెట్టిన హైదరాబాద్ స్టేట్ బ్యాంక్ ఈ సిక్కా వ్యవహారం చూసేది.

ఆ తరువాత 1947 వచ్చింది. నవంబర్ 29న హిందుస్తాన్‌కూ నిజాంకూ మధ్య యథాతథ ఒడంబడిక జరిగింది. కొద్ది రోజులకే నిజాం హుకూమత్ రెండు ఆర్డినెన్సులు తెచ్చింది. బంగారం, వెండి వంటివి హిందుస్తాన్‌కు పోకుండా ఒకటి. హిందుస్తానీ రూపాయి రియాసత్‌లో చెల్లుబాటు కాదని ఇంకొకటి. ఇది ఒడంబడికకు ఖిలాఫ్ అని ఢిల్లీ అభ్యంతరం చెప్పింది. పెద్దల సియాసత్ సంగతి అలా ఉంచి, పత్తర్‌గట్టీ బట్టల దుకాణ్‌దార్‌ను తలుచుకోండి. మాల్ వచ్చేది బొంబాయి, మద్రాస్ నుంచి. అక్కడ అడిగేది హిందుస్తానీ రూపాయి. ఇక్కడ గ్రాహక్ ఇచ్చేది హాలీ. మధ్యలో నలిగింది ఆయనే. ఆయనను ఎవరూ సలహా అడగలేదు.

1948 సెప్టెంబర్ తరువాత రియాసత్ కలిసిపోయింది. కానీ హాలీ ఒక్క రాత్రిలో మాయం కాలేదు. 1950ల దశకంలో రెండు సిక్కాలూ పక్కపక్కనే కొన్నేళ్లు నడిచాయి. ఏడుకు ఆరు లెక్కన మార్చుకోవడానికి జనానికి మోహ్లత్ దొరికింది. 2016 నవంబర్ 8 గుర్తుందా? రాత్రి ఎనిమిది గంటలకు ఏలాన్, అర్ధరాత్రికి 500, 1000 నోట్లు చెల్లవు. బ్యాంకులో జమా చేయడానికి డిసెంబర్ 30 దాకా గడువు ఇచ్చారు గానీ, మరుసటి రోజు కూరగాయలు కొనడానికి ఇవ్వలేదు. బియ్యం డబ్బాలో, ఖురాన్ అల్మారా పైన దాచుకున్న మా అమ్మీల పైసలు అప్పుడే బయటపడ్డాయి.

ఇక ఆన్‌లైన్ బజార్. 2008లో ఆస్ట్రేలియాలో ఈబే కంపెనీ, తన బజార్‌లో దాదాపు అన్ని సౌదాలకూ పేపాల్ ద్వారానే పైసలు తీసుకోవాలని అమ్మేవాళ్లకు చెప్పింది. పేపాల్ కూడా అప్పట్లో ఈబేదే. బజార్ తనది, సర్రాఫ్ దుకాణమూ తనదే! గ్రాహక్ హిఫాజత్ కోసమని కంపెనీ చెప్పింది. అమ్మేవాళ్లు గోల చేశారు. పోటీని కాపాడే అక్కడి సర్కారీ సంస్థ అభ్యంతరం చెప్పింది. ఆ ఏడాది జూలైలో కంపెనీ వెనక్కి తగ్గింది.

మన దగ్గర లాఖ్ గాజులకు 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. వాటిని ఆన్‌లైన్ బజార్‌లో పెట్టిన దుకాణ్‌దార్ పార్సిల్‌లో తన క్యూఆర్ చీటీ పెట్టి పైసలు నేరుగా తీసుకుంటానంటే కుదరదు. అకౌంట్ మూతపడవచ్చు. గ్రాహక్ ఇంటి దగ్గర నగదే ఇచ్చినా అది ముందు కంపెనీకి పోతుంది. కమీషన్ కోసుకున్నాక, గడువు తీరాక మిగిలింది బ్యాంకుకు వస్తుంది. కంపెనీ వైపూ ఒక మాట ఉంది. ముందే పైసలు తీసుకుని మాల్ పంపని మోసగాళ్ల నుంచి గ్రాహక్‌ను కాపాడాలి. అది నిజమే. కానీ ఇంట్లో కూర్చుని కార్చోబ్ కుట్టే చెల్లెలికి మజ్దూరీ వారం వారం కావాలి. పైసలు ఆగినన్నాళ్లూ ఆ ఇల్లు అప్పు మీద నడుస్తుంది. పాత జమానాలో బట్టా కంటికి కనిపించేది. ఇప్పుడు కమీషన్‌లో, గడువులో దాక్కుంటుంది.

కాబట్టి తిజారత్‌లోకి దిగే పిల్లలకు తారీఖ్ మూడు సవాళ్లు నేర్పుతోంది. ఈ పాబందీ ఎవరి ఫాయిదాకు? బట్టా ఎవరి జేబులోంచి? మోహ్లత్ ఎంత? సాలార్ జంగ్ సంస్కరణ మొదటి సవాల్‌కు జవాబు చెప్పగలిగింది. 1947 ఆర్డినెన్సు చెప్పలేకపోయింది. ఏ బజార్‌లో మాల్ పెట్టినా ముందు ఈ మూడింటికీ జవాబు కాగితం మీద రాసుకోండి. చేతికి ఎన్ని రోజులకు ఎంత వస్తుందో లెక్క చూసుకుని, ఆ తరువాతే ధర పెట్టండి. దాదీలు ధర వినగానే "హాలీనా, కల్దారా?" అని అడిగింది ఊరికే కాదు.