కనుబొమ కోల్పోయిన సింహం: ‘ది లయన్ కింగ్’ రెండు రూపాల్లో అభినయం

అనుసరణ అధ్యయనాల్లో కొత్త కృతిని మూలంతో తూచడం ఇప్పుడు మొరటుతనం కింద లెక్క. పాత చిత్రం ముందు కొత్తది నిలవలేదని ఎవరైనా సెమినార్‌లో అంటే ‘విశ్వసనీయతా విమర్శ’ అని ముద్ర వేసి కూర్చోబెడతారు. ఈ పద్ధతి మీద నాకు చాలాకాలంగా అభ్యంతరం ఉంది. థియేటర్ మెట్లు దిగుతూ ప్రేక్షకుడు మొట్టమొదట వేసుకునే ప్రశ్న, పాతదానికి ఇది సరితూగిందా అన్నది. పరిశోధకులు ఆ ప్రశ్ననే తప్పించుకు తిరుగుతున్నారు. 2010లో టిమ్ బర్టన్ ‘ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్’ వచ్చినప్పటి నుంచి డిస్నీ సంస్థ తన యానిమేషన్ చిత్రాలను వరసపెట్టి మళ్లీ తీస్తోంది. ఇంత సామగ్రి కళ్లముందు ఉండగా తూకం వద్దనడం పాండిత్యం అనిపించుకోదు. ఆ రీమేకులు మూలాలకు సరితూగలేదని నా ప్రతిపాదన. ఎందుకు తూగలేదో చెప్పడానికి కావలసిన కొలతలు నాట్యశాస్త్రకర్త భరతుడి దగ్గర సిద్ధంగా ఉన్నాయని కూడా నా ప్రతిపాదన.

నేను విభేదించే ధోరణికి ఆధారగ్రంథం లిండా హచియన్ 2006లో వెలువరించిన ‘ఎ థియరీ ఆఫ్ అడాప్టేషన్’. అనుసరణ తర్వాత వచ్చినంత మాత్రాన తక్కువది కాదనీ, అది నకలు తీయకుండానే కథను తిరిగి పలికిస్తుందనీ ఆమె వాదం. తెలుగు పండితులకు ఈ మాట వెంటనే రుచించడంలో వింత లేదు. రంగనాథ రామాయణం, మొల్ల రామాయణం, విశ్వనాథ కల్పవృక్షం వరసగా చదువుకున్న మనకు పునఃకథనం హక్కు గురించి టొరంటో నుంచి ఎవరూ చెప్పనక్కరలేదు. అయితే ఆ రామాయణాలన్నీ మాట నుంచి మాటలోకి జరిగిన ప్రయాణాలు. గీసిన ముఖం ఫొటోలాంటి ముఖంగా మారినప్పుడు ఏం జరుగుతుందో వాటి నుంచి తెలియదు. హచియన్ నుంచీ తెలియదు. కథతో మన సంబంధాన్ని ఆమె మూడు విధాలుగా విభజించింది: చెప్పడం, చూపడం, పాల్గొనడం. నవల సినిమా అయితే చెప్పడం నుంచి చూపడంలోకి వచ్చినట్టు. మరి 1994 ‘లయన్ కింగ్’ 2019 ‘లయన్ కింగ్’ అయినప్పుడు? ఆమె పట్టికలో రెండూ ‘చూపడం’ గదిలోనే పడతాయి. అంటే ఆ పట్టిక ప్రకారం ఏ మార్పూ జరగలేదు. తెర మీద జరిగిన అతి పెద్ద మార్పును పట్టుకోలేని సిద్ధాంతాన్ని పట్టుకుని మనం రెండు దశాబ్దాలుగా పత్రాలు రాస్తున్నాం.

డిజిటల్ సినిమా అంతా యానిమేషన్‌లో ఒక ప్రత్యేక సందర్భమేనని 2001లో లెవ్ మనోవిచ్ అన్నాడు. డిస్నీ బొమ్మలు ఏ రూపంలోకైనా సాగగలగడం చూసి అంతకు చాలా ముందే సోవియెట్ దర్శకుడు ఐసెన్‌స్టీన్ ముగ్ధుడయ్యాడు. నా వాదానికి ఐసెన్‌స్టీన్ దగ్గర. కానీ చూపడంలోనే లోకంలో ఉన్నట్టు చూపే లోకధర్మి వేరు, శైలీకరించి చూపే నాట్యధర్మి వేరు అన్న విభజన అతని దగ్గరా లేదు. అది నాట్యశాస్త్రంలో ఉంది.

ముందు ఒక అడ్డు తొలగించాలి. 2019 చిత్రాన్ని అందరూ లైవ్ యాక్షన్ అంటున్నారు గానీ అందులో కెమెరాతో నిజంగా తీసిన షాట్ ఒక్కటేనని, అది మొదటి సూర్యోదయమని దర్శకుడు జాన్ ఫావ్రో స్వయంగా వెల్లడించాడు. గోల్డెన్ గ్లోబ్స్ దాన్ని యానిమేషన్ విభాగంలోనే నామినేట్ చేసింది. రెండూ యానిమేషనే కావడం పరిశోధకుడికి అదృష్టం. నటుడు, యంత్రం అన్న తేడా పక్కకు పోయి ధర్మి తేడా ఒక్కటే పరీక్షకు మిగులుతుంది.

రెండు చిత్రాలనూ శబ్దం పూర్తిగా తీసేసి పక్కపక్కన చూడటం నేను ఎంచుకున్న పద్ధతి. మాటతో చేసే వాచికాన్ని తొలగిస్తే, ఒంటితో చేసే ఆంగికం, లోపలి భావాన్ని పైకి తెచ్చే సాత్త్వికం ఎంత మిగిలాయో తేలిపోతుంది.

రాజ్యం కోసం అన్న ముఫాసాను చంపే స్కార్‌తో మొదలుపెడతాను. 1994లో ఆ పాత్రను గీసిన బృందానికి నాయకుడు ఆండ్రియాస్ డేజా. గొంతు ఇచ్చిన జెరెమీ ఐరన్స్ ముఖకవళికలను గమనించి వాటిని సింహం ముఖంలోకి తెచ్చానని డేజా చెప్పుకున్నాడు. మొదటి సన్నివేశంలోనే పంజాలో ఎలుకను పట్టుకుని ఆడిస్తున్న స్కార్‌ను చూడండి. ఒళ్లు బద్ధకంగా వాలి ఉంటుంది, మణికట్టు మెత్తగా వంగి ఉంటుంది, గడ్డం ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. వీటన్నిటి మీద కనుబొమ రాజ్యం చేస్తుంది. నాట్యశాస్త్రం ఎనిమిదో అధ్యాయంలో భ్రూకర్మలు, అంటే కనుబొమ కదలికలు, ఏడు: ఉత్క్షేపం, పాతనం, భ్రుకుటి, చతురం, కుంచితం, రేచితం, సహజం. ధ్వని లేకుండా చూస్తే ఈ ఏడింటిలో స్కార్ తాకనిది లేదు. ముఫాసా గర్జించినప్పుడు రెండు బొమలూ ఎత్తి అమాయకత్వం నటిస్తాడు, అది ఉత్క్షేపం. హైనాల తెలివితక్కువతనం భరించలేక ముడి వేస్తాడు, అది భ్రుకుటి. అన్న కొడుకు సింబాతో ముద్దుగా మాట్లాడుతూ మృత్యువు వైపు నడిపిస్తున్నప్పుడు బొమ మెల్లగా ఒంగుతుంది, కుంచితం. అన్నిటికంటే తరచుగా కనిపించేది ఒక్క బొమను మాత్రం ఒయ్యారంగా పైకి లాగడం. అది రేచితం. భరతుడు దాన్ని నృత్తానికి చెప్పాడు. హంతకుడి ముఖం మీద నృత్తంలోని బొమను పెట్టడమే డేజా సాధించిన అద్భుతం. స్కార్‌కు రాజ్యం మీద ఆశ ఉన్న మాట సరే, తన దుర్మార్గాన్ని తానే ఆస్వాదిస్తున్నాడన్న సంగతి మనకు మాటల కంటే ముందు ఆ బొమే చెబుతుంది.

ఇప్పుడు 2019 స్కార్. అదే ఎలుక, అదే గుహ. జూలు పలచబడింది, ఒళ్లు ఎముకల గూడు, ప్రతి వెంట్రుకా గాలికి విడిగా కదులుతుంది. ఆ పనితనం ముందు నేను తల వంచుతాను. కానీ ముఖం? నిజమైన సింహానికి మనిషిలా ఆడే కనుబొమ లేదు. డాక్యుమెంటరీలో కనిపించే జంతువులా ఉండాలన్న నియమం పెట్టుకున్నాక యానిమేటర్లు దాన్ని కల్పించే స్వేచ్ఛ వదులుకున్నారు. ఏడు భ్రూకర్మల్లో చివరిదైన సహజం దగ్గరే 2019 స్కార్ చిత్రం మొత్తం ఆగిపోయాడు. ముందరి సన్నివేశంలోని ముఖాన్ని కత్తిరించి చివరి సన్నివేశంలో అతికించినా తేడా తెలియదు. చివెటెల్ ఎజియోఫర్ గొంతులో క్రౌర్యం పుష్కలంగా ఉంది, అది నిలవడానికి ముఖంలో చోటు దొరకలేదు. భావానికి కారణమైన విభావం ఉంది, దాన్ని పైకి చూపే అనుభావం లేదు. రసం ఎక్కడి నుంచి వస్తుంది?

ముఫాసా మరణంలో ఇది మరింత బయటపడుతుంది. తమ్ముడు గోళ్లు దించిన క్షణంలో 1994 ముఫాసా కళ్లు పెద్దవవుతాయి. నొప్పి కంటే ముందు ఆ కళ్లలో వచ్చేది గ్రహింపు, చంపబోతున్నది ఎవరో అర్థం కావడం. వెంటనే సింబా ముఖం తెరంతా నిండి, అరుపుతో సాగిపోయి, కెమెరా దూరం జరిగేకొద్దీ చిన్నదైపోతుంది. ముఖం, ఆపైన దూరం: ఈ వరుసలోనే కరుణం పుడుతుంది. 2019లో కథ అదే క్రమంలో నడుస్తుంది, సంఘటనలు దాదాపు ఒకటే. కానీ కళ్లు పెద్దవి కావు. తండ్రి పంజా కింద దూరి పడుకునే పిల్ల సింహాన్ని చూస్తే జాలి పుడుతుంది, కాదనను. అయితే అది టీవీలో తల్లి తప్పిపోయిన జంతువుపిల్లను చూసినప్పుడు కలిగే జాలి. సింబా అనే ఒక కుర్రవాడి అపరాధభావం అందులో లేదు. ఆ అపరాధభావమే కథకు ఇరుసు. దానివల్లనే అతను పారిపోతాడు, దానివల్లనే తిరిగి రాలేకపోతాడు.

పాటల సంగతి క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాను. సింబా రాజు కావాలని ఉబలాటపడే పాటలో 1994 చిత్రం ఉన్నట్టుండి తన శైలినే మార్చుకుంటుంది. రంగులు చదునవుతాయి, జంతువులు ఒకదాని మీద ఒకటి గోపురంలా నిలబడతాయి. అంతా పిల్లవాడి మనసులోని లోకం. 2019లో రెండు సింహం పిల్లలు నీటి మడుగు దగ్గర జంతువుల కాళ్ల మధ్య పరిగెత్తుతాయి, అంతే. స్కార్ హైనాలను కూడగట్టే పాటలో పాత చిత్రం నాజీ ప్రచార చిత్రాల కవాతును తలపించి, తెరంతా విషపు ఆకుపచ్చగా మారుస్తుంది. మనిషి ముఖానికి భరతుడు చెప్పిన వైవర్ణ్యం, అంటే రంగు మారడం, అక్కడ కొండలకు వస్తుంది. కొత్త చిత్రంలో ఆ పాట కుదించుకుపోయి దాదాపు మాటగా మిగిలింది. రాత్రి పేరుతోనే ఉన్న ప్రేమగీతం పట్టపగలు నడుస్తుంది. మేఘాల్లో ముఫాసా రూపం పాతదాంట్లో స్పష్టంగా నిలుస్తుంది, కొత్తదాంట్లో మెరుపు మధ్య ఒక ఊహలాగా తోచి పోతుంది. మేఘంలో సింహం కనిపించడం లోకధర్మికి ఇబ్బంది. ఇన్ని కోసేసి కూడా 88 నిమిషాల చిత్రం 118 నిమిషాలైంది. పెరిగిన నిడివిలో కొంత సింబా జూలులోని వెంట్రుకల కుచ్చు కోతి రఫీకీని చేరేదాకా చేసిన ప్రయాణానికి పోయింది. జిరాఫీ పేడ, పేడపురుగు, చీమలు అన్నీ ఉన్నాయి, సింబా మనసు తప్ప.

నిజాన్ని ఉన్నదున్నట్టు దించాలన్న ఈ నియమాన్ని పాత యానిమేటర్లు ఎరగక కాదు, ఎరిగి దాటారు. ఇది మన చర్చల్లో ఎక్కడా కనబడని సంగతి. 1950 ‘సిండరెల్లా’ గీయడానికి ముందు డిస్నీ స్టూడియో హెలెన్ స్టాన్లీ అనే నటితో సన్నివేశాలను నటింపజేసి ఫిల్మ్ మీద తీయించింది. అంతకుముందు ‘స్నో వైట్’కు మార్జ్ చాంపియన్ అదే పని చేసింది. ఆ ఫిల్మును యథాతథంగా దించితే బొమ్మలో ప్రాణం పోతోందని గమనించిన సంగతి ఫ్రాంక్ థామస్, ఓలీ జాన్‌స్టన్ 1981 నాటి ‘ది ఇల్యూజన్ ఆఫ్ లైఫ్’లో వివరంగా రాశారు. అందుకే అతిశయోక్తిని తమ పన్నెండు సూత్రాల్లో ఒకటిగా చేర్చారు. అంటే లైవ్ యాక్షన్ ‘సిండరెల్లా’ తొలిసారి 2015లో పుట్టలేదు. అది 1950కి ముందే స్టూడియో అరల్లో ముడిసరుకుగా ఉంది. కళాకారులు దాన్ని చూశారు, నేర్చుకున్నారు, వదిలి పైకి వెళ్లారు. రీమేకులు చేస్తున్నది ఆ ముడిసరుకు దగ్గరికి తిరిగి దిగిరావడమే.

మిగతా రీమేకుల కథా ఇదే. 1941 ‘డంబో’ 64 నిమిషాల చిత్రం. అందులో డంబో ఒక్క మాటా మాట్లాడడు. తన పసికొడుకును చూసి ఆ ఏనుగుపిల్లను గీసిన బిల్ టైట్లా చేతిలో ముఖమే అన్నీ చెప్పింది. 2019లో ఏనుగు నిజం ఏనుగైంది, ముఖం పలకడం మానేసింది. కథ బరువు మోయడానికి ఒక మనుషుల కుటుంబాన్ని తెచ్చిపెట్టి 112 నిమిషాలు నడపవలసి వచ్చింది. ‘అలాద్దీన్’లో ఎరిక్ గోల్డ్‌బర్గ్ ఒక్క సాగే గీతతో నిలబెట్టిన జీనీ, విల్ స్మిత్ నీలిరంగు రూపంలోకి మారేసరికి భూమికి దిగిపోయాడు. ‘ములాన్’ 2020లో పాటలనూ ముషూ అనే చిన్న డ్రాగన్‌నూ తీసేసి యుద్ధచిత్రమైంది. 2016 ‘ది జంగిల్ బుక్’ విజువల్ ఎఫెక్ట్స్‌కు ఆస్కార్ తెచ్చుకుంది గానీ అందులో మనల్ని పట్టి ఉంచేది నీల్ సేథీ అనే బాలుడి నిజమైన ముఖం. 2019 ‘లయన్ కింగ్’ సుమారు 166 కోట్ల డాలర్లు వసూలు చేయడం సరితూగడానికి సాక్ష్యం కాదు.

ఈ వాదానికి తెలుగు డబ్బింగ్‌లో బలమైన ఆధారం దొరుకుతుంది. 2019 చిత్రానికి తెలుగులో సింబాకు నాని, స్కార్‌కు జగపతిబాబు, ముఫాసాకు రవిశంకర్, టిమోన్‌కు అలీ, పుంబాకు బ్రహ్మానందం గొంతు ఇచ్చారు. థియేటర్లో పుంబా నోరు తెరవగానే నవ్వులు పేలాయి. తెర మీద ఉన్నది ఏ భావమూ పలకని అడవిపంది ముఖం. నవ్వు దేనికి వచ్చింది? వినిపించిన గొంతు వెనక ప్రేక్షకుడు తన జ్ఞాపకంలోంచి బ్రహ్మానందం ముఖాన్ని, ఆ కళ్లనూ పెదవి విరుపునూ తెచ్చి అడవిపందికి తగిలించుకున్నాడు. ఆంగికాన్ని చిత్రం ఇవ్వలేదు, తెలుగువాడు ఇంటి నుంచి తెచ్చుకున్నాడు. 2024 ‘ముఫాసా’కు మహేశ్‌బాబు గొంతు కావలసి రావడానికీ కారణం ఇదే. ముఖంలేని సింహాలకు మన భాషలో ముఖాలను అద్దెకు తెచ్చారు. బ్రహ్మానందాన్ని ఎన్నడూ చూడని ప్రేక్షకుడి సంగతి ఏమిటో హచియన్ అనుయాయులు చెప్పాలి.

నిమ్మలకుంట తోలుబొమ్మ ముఖం పక్కకు తిరిగి ఉన్నా కన్ను మాత్రం మనవైపు పూర్తిగా విప్పి ఉంటుంది. నిజం మనిషి కన్ను అలా కనబడదని ఏ ఊళ్లోనూ ఎవరూ తప్పుపట్టలేదు. తరతరాలుగా నాట్యధర్మిలో పెరిగిన ఈ ప్రేక్షకుడికి, వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టిన సింహం గొప్పదని చెప్పి ఒప్పించవలసిన పని పరిశోధకులకు ఎందుకు? సినిమా అధ్యయన విభాగాల్లో అనుసరణ సిద్ధాంతం పక్కన నాట్యశాస్త్రంలోని ఉపాంగాభినయ అధ్యాయాన్నీ పాఠంగా పెట్టాలని, రీమేకులను ఫ్రేము ఫ్రేముగా మూలాల పక్కన పెట్టి తూచాలని కోరుతున్నాను. ఆలస్యమైతే పోల్చడానికి కొత్త మూలాలు ఉండవు. 2011లో వచ్చిన ‘విన్నీ ది పూ’ తర్వాత వాల్ట్ డిస్నీ యానిమేషన్ స్టూడియో నుంచి చేత్తో గీసిన పూర్తి నిడివి చిత్రం ఒక్కటీ రాలేదు.