పదిమందితో మొదలైన పరీక్ష

1916 అక్టోబరులో వాషింగ్టన్ నగరంలో పదిమంది యువ వైద్యులు వారం రోజుల పరీక్షకు కూర్చున్నారు. దరఖాస్తు చేసుకున్నవారు 32 మంది. అర్హత తేలినవారు వారిలో సగం. చివరకు వచ్చినవారు ఆ పదిమందే. కాగితం మీద జవాబులు రాయడంతో పని అయిపోలేదు. ప్రయోగశాలలో పరీక్ష, రోగి మంచం పక్కన పరీక్ష, పెద్ద వైద్యుల ఎదుట మౌఖిక పరీక్ష కూడా ఉన్నాయి. అన్నీ దాటి గట్టెక్కింది ఐదుగురు. ఇప్పుడు మెడికోలు ‘స్టెప్ వన్’ అని పిలుచుకునే పరీక్షకు మూలం అక్కడ ఉంది.

అమెరికాలో వైద్యం చేయడానికి లైసెన్సు ఇచ్చేది కేంద్ర ప్రభుత్వం కాదు, ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే. వెస్ట్ వర్జీనియా చట్టం మీద నడిచిన డెంట్ కేసులో 1889లో సుప్రీంకోర్టు ఈ అధికారాన్ని ఖాయం చేసింది. దాంతో రాష్ట్రానికో బోర్డు, బోర్డుకో పరీక్ష అన్నట్టయింది. మరోవైపు ఫీజు కడితే చాలు, పట్టా చేతికిచ్చే కళాశాలలు వీధికొకటిగా వెలిశాయి. 1910లో అబ్రహాం ఫ్లెక్స్‌నర్ అమెరికా, కెనడాల్లోని 155 వైద్య కళాశాలలను పరిశీలించి రాసిన నివేదిక వాటి గుట్టు రట్టు చేసింది. చాలాచోట్ల సరైన ల్యాబు లేదు, శవచ్ఛేదానికి వసతి లేదు. మొదటి రెండేళ్లు ప్రయోగశాల శాస్త్రాలు, తర్వాతి రెండేళ్లు ఆసుపత్రి అన్న చదువు పద్ధతి ఈ నివేదికతో స్థిరపడింది. 1915లో విలియం రాడ్‌మన్ చొరవతో ఏర్పడిన నేషనల్ బోర్డ్ ఆఫ్ మెడికల్ ఎగ్జామినర్స్ దేశమంతా నమ్మదగిన ఒకే పరీక్షను తయారుచేయడానికి పూనుకుంది. ఇది ప్రభుత్వ సంస్థ కాదు. దాని ఫలితాన్ని ఒప్పుకోవాలో వద్దో తేల్చుకునేది రాష్ట్రాలే.

వారం రోజుల పరీక్షను ఎక్కువమందికి పెట్టడం సాధ్యం కాదు. అందుకని 1922లో బోర్డు దాన్ని మూడు భాగాలు చేసింది. కళాశాలలో రెండేళ్లు ముగిశాక ఒకటో భాగం, చదువు పూర్తవుతున్నప్పుడు రెండోది, ఆ తర్వాత రోగి దగ్గర మూడోది. ఒకటో భాగంలో అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ, పాథాలజీ వంటి మౌలిక శాస్త్రాలు మాత్రమే ఉండేవి. రోగిని ముట్టుకోకముందే శరీరం గురించి ఎంత తెలుసో తేల్చే పరీక్ష ఇలా విడిగా నిలబడింది.

చట్టసభలూ ఆ దారే పట్టాయి. 1925లో విస్కాన్సిన్, కనెక్టికట్ రాష్ట్రాలు ‘బేసిక్ సైన్స్’ చట్టాలు చేశాయి. అల్లోపతీ అయినా, వెన్నెముకను సరిచేసే కైరోప్రాక్టిక్ అయినా, వైద్యం చేయదలచినవారంతా ముందు శాస్త్రాల పరీక్ష నెగ్గాలన్నది వాటి సారం. పైకి అందరికీ ఒకే న్యాయం. లోపలి గురి మాత్రం అల్లోపతీ కాని వైద్యుల మీదే. ఆ తర్వాత మరికొన్ని రాష్ట్రాలు ఇలాంటి చట్టాలే చేశాయి. 1960, 70 దశకాల్లో వాటిని ఒక్కొక్కటిగా ఎత్తేశారు.

వ్యాసరూప ప్రశ్నల రోజుల్లో చదువు కూడా వ్యాసాలకు తగ్గట్టే సాగేది. లావుపాటి పాఠ్యగ్రంథం, పాత ప్రశ్నపత్రాలు, ఒకరినొకరు ప్రశ్నించుకునే మిత్రబృందం ఉంటే సరిపోయేది. అయినా దగ్గరిదారి పుస్తకాలు అప్పటికే ఉన్నాయి. ఫిలడెల్ఫియాకు చెందిన బ్లేకిస్టన్ ప్రచురణ సంస్థ 19వ శతాబ్దం చివరికే ‘క్విజ్ కంపెండ్’ పేరిట జేబులో పట్టే పుస్తకాలను సబ్జెక్టుకొకటి చొప్పున అమ్మేది. పరీక్ష పుస్తకాల వ్యాపారం బోర్డు కన్నా పాతది.

1950ల మొదట్లో బోర్డు వ్యాసాలను వదిలి బహుళైచ్ఛిక ప్రశ్నలకు మారింది. అప్పటి సారథి జాన్ హబ్బర్డ్. ఒకే జవాబుపత్రానికి ఒకరు పాస్ మార్కులు, మరొకరు ఫెయిల్ మార్కులు వేసే పరిస్థితి పోవాలన్నది ప్రధాన కారణం. పరీక్ష రాసేవారి సంఖ్య పెరగడం రెండోది. రోగి పక్కన జరిగే పరీక్షకూ ఇదే చిక్కు వచ్చింది. ఒకే అభ్యర్థిని చూసిన ఇద్దరు పరీక్షకుల మార్కులకు పొంతన ఉండటం లేదని లెక్కల్లో తేలడంతో 1960ల్లో దాన్నీ ఆపేశారు. న్యాయం కోసం చేసిన ఈ మార్పుల్లో పరీక్షకుడు, అభ్యర్థి ఎదురెదురుగా కూర్చోవడమే పోయింది. తెలుగునాట వైద్య కళాశాలలు మాత్రం వ్యాసాలనూ వైవానూ నేటికీ వదల్లేదు. ఎగ్జామినర్ బల్ల మీది ఎముకను చేతికిచ్చి కుడివైపుదో ఎడమవైపుదో చెప్పమంటే తడబడని ఎం.బి.బి.ఎస్. విద్యార్థి అరుదు. స్టెప్ వన్‌కు కూర్చునే తెలుగు వైద్యుడు బోర్డు ఎప్పుడో వదిలేసిన పద్ధతిలో చదువుకుని, దాని కొత్త పద్ధతిలో పరీక్ష రాస్తాడు.

బహుళైచ్ఛిక ప్రశ్నల్లో ‘కె టైపు’ అనేదానికి తరాల విద్యార్థులు భయపడ్డారు. ప్రశ్న కింద నాలుగు వాక్యాలుంటాయి. 1, 2, 3 సరైనవైతే ‘ఎ’, 1, 3 మాత్రమే అయితే ‘బి’, 2, 4 అయితే ‘సి’, 4 ఒక్కటే అయితే ‘డి’, అన్నీ అయితే ‘ఇ’. విషయం పూర్తిగా తెలియకపోయినా, ఒక వాక్యం తప్పని పట్టుకుంటే మిగతాది లాజిక్కుతో లాగవచ్చు. అందుకే తయారీలో సబ్జెక్టుతో పాటు ప్రశ్న నాడి పట్టడం కూడా ఒక విద్య అయింది. చివరకు బోర్డు ఈ రకాన్ని పక్కన పెట్టింది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికా ఆసుపత్రులు విస్తరించాయి, ఇంటర్న్‌లు చాలలేదు. విదేశీ పట్టభద్రుల చదువును అంచనా వేయడానికి 1956లో ఒక సంస్థ ఏర్పడింది. అదే నేటి ఇ.సి.ఎఫ్.ఎం.జి. దాని మొదటి పరీక్ష 1958 మార్చిలో జరిగింది. 1965 వలస చట్టం ఆసియా దేశాల మీద ఉన్న పాత కట్టడిని తొలగించింది. అప్పటికి తెలుగునాట విశాఖపట్నం (1923), గుంటూరు (1946) కళాశాలల సరసన హైదరాబాదు గాంధీ (1954), కర్నూలు (1957), కాకినాడ (1958), వరంగల్ (1959), తిరుపతి (1960) కళాశాలలు చేరాయి. ఇక్కడ డాక్టర్లు తయారవుతున్న వేళకు అక్కడ తలుపు తెరుచుకుంది. వైద్యులు తరలిపోతున్నారన్న ఆందోళనతో భారత ప్రభుత్వం కొంతకాలం ఈ పరీక్షను దేశంలో జరగనివ్వలేదు. అప్పుడు అభ్యర్థులు శ్రీలంక వంటి పొరుగుదేశాలకు వెళ్లి రాసి వచ్చేవారు.

1976లో అమెరికా చట్టం మళ్ళీ బిగిసింది. మరుసటి ఏడాది వచ్చిన వీసా అర్హత పరీక్షలో క్లినికల్ సబ్జెక్టులతో పాటు మౌలిక శాస్త్రాలకూ గట్టి చోటు దక్కింది. 1984లో దాని స్థానంలోకి వచ్చిన పరీక్షలో ఒక రోజంతా వాటికే కేటాయించారు. విదేశీ వైద్యుడికి ఇది కొత్త కష్టం. అమెరికా విద్యార్థి బయోకెమిస్ట్రీ చదివిన వేడిమీదే పరీక్షకు వెళ్తాడు. తెలుగు వైద్యుడు అదే సబ్జెక్టును ఎం.బి.బి.ఎస్. మొదటి ఏడాదిలో చదివి ఉంటాడు. హౌస్ సర్జన్సీ ముగించి, ప్రసవాలు చేసి, క్యాజువాలిటీలో రాత్రి డ్యూటీలు చేసినవాడు క్రెబ్స్ చక్రాన్ని మళ్ళీ మొదటి నుంచీ పట్టాలి.

దేశీయులకు ఒకటి, విదేశీయులకు ఒకటి, రాష్ట్రాల బోర్డులకు ఇంకొకటి అన్న గందరగోళానికి 1992లో యు.ఎస్.ఎం.ఎల్.ఇ. తెర దించింది. ఎక్కడ చదివినవారికైనా ఇక ఒకటే పరీక్ష. దాని మొదటి మెట్టు స్టెప్ వన్. మొదట్లో ఇది రెండు రోజుల కాగితం పరీక్ష. 1999లో కంప్యూటరు మీదికి, ఒక్క రోజుకు మారింది. అప్పుడు 350 ప్రశ్నలుండేవి. అవి క్రమంగా తగ్గి 280కి దిగాయి. పరీక్ష మాత్రం ఎనిమిది గంటలే.

ప్రశ్న స్వభావమూ మారింది. ఇలాంటి ప్రశ్నను ఊహించుకోవచ్చు: రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్న 52 ఏళ్ల మహిళ నోటిపూతతో, నీరసంతో వచ్చింది. ఆరు నెలలుగా వారానికోసారి ఒక మందు వేసుకుంటోంది. హిమోగ్లోబిన్ తగ్గింది, ఎర్రకణాలు మామూలు కన్నా పెద్దవిగా ఉన్నాయి. ఆ మందు ఏ ఎంజైమును అడ్డుకుంటుంది? ప్రశ్నలో మందు పేరు లేదు. అది మెథోట్రెక్సేట్ అని ముందు పోల్చుకోవాలి. అది డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్‌ను అడ్డుకుంటుందనీ, ఫోలేట్ అందక డి.ఎన్.ఎ. తయారీ కుంటుపడి కణాలు విభజన చెందలేక పెద్దవవుతాయనీ గుర్తుకు రావాలి. ఫార్మకాలజీ, బయోకెమిస్ట్రీ, పాథాలజీ మూడూ ఒకే ప్రశ్నలో ఉన్నాయి. ఈ జవాబు వెనుక ఒక తెలుగువాడి శ్రమ కూడా ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన బృందమే ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసి, దానికి విరుగుడుగా పనిచేసే మందులకు బాట వేసింది. మద్రాసులో వైద్యం చదివిన ఆయన అమెరికాలో రోగులను చూసే డాక్టరు కాలేదు, ప్రయోగశాలకే అంకితమయ్యారు. కండరశక్తి పాఠంలో వచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో సైరస్ ఫిస్క్‌తో కలిసి లోకానికి తెలిపిందీ ఆయనే.

ఇలాంటి ప్రశ్నలు వచ్చాక కంఠస్థం ఒక్కటే చాల్లేదు. 1990ల మొదట్లో కాలిఫోర్నియాలో వికాస్ భూషణ్, తావ్ లీ ‘ఫస్ట్ ఎయిడ్’ పుస్తకాన్ని తీర్చిదిద్దారు. పరీక్ష రాసి వచ్చిన విద్యార్థుల సూచనలతో ఏటా దిద్దుకుంటూ, పరీక్షలో ఎక్కువగా వచ్చేదానికే చోటివ్వడం దాని కిటుకు. చదివిన ప్రతి విషయాన్నీ ఆ పుస్తకం అంచుల్లోనే రాసుకోవడం మెడికోలకు అలవాటైంది. తర్వాతి మలుపు ప్రశ్నల బ్యాంకు. గుంటూరు జిల్లా బుర్రిపాలెంకు చెందిన పెమ్మసాని చంద్రశేఖర్ ఉస్మానియా వైద్య కళాశాలలో చదివి, అమెరికాలో శిక్షణ పొంది, 2003లో యూవరల్డ్ స్థాపించారు. ఆయనే 2024లో గుంటూరు ఎంపీగా గెలిచి కేంద్ర సహాయమంత్రి అయ్యారు. యూవరల్డ్‌లో ప్రశ్న కన్నా వివరణ పెద్దది. సరైన జవాబు ఎందుకు సరైనదో చెప్పి ఊరుకోకుండా, మిగతావి ఎందుకు కావో కూడా చెబుతుంది. చదివాక ప్రశ్నలు చేయడం పోయి, ప్రశ్నలు చేస్తూ చదవడం వచ్చింది. 2006లో వచ్చిన ఆంకీ అనే ఫ్లాష్‌కార్డుల సాఫ్ట్‌వేర్, మరిచిపోయే వేళకు కార్డును మళ్ళీ ముందుంచి మిగతా లోటు తీర్చింది.

లైసెన్సుకు కావలసింది పాసు మాత్రమే. అయినా ఫలితంతో పాటు మూడంకెల స్కోరు వచ్చేది. రెసిడెన్సీ (ఆసుపత్రి శిక్షణ) సీట్లకు వేలల్లో దరఖాస్తులు వస్తుంటే, వాటిని వడకట్టడానికి ఆసుపత్రులు ఆ అంకెనే జల్లెడగా వాడాయి. కనీస అర్హత తేల్చడానికి పుట్టిన పరీక్ష ర్యాంకుల పరీక్షగా మారింది. ఎంసెట్ ర్యాంకుల కాలం దాటి వచ్చిన తెలుగు విద్యార్థికి ఇది కొత్తేమీ కాదు. నిజానికి ఎవరికీ తెలియని విదేశీ కళాశాల నుంచి వచ్చినవారికి ఆ అంకే సిఫారసు లేఖ.

2022 జనవరి 26 నుంచి స్టెప్ వన్ ఫలితంలో స్కోరు లేదు. పాస్ లేదా ఫెయిల్, అంతే. అదే సమయంలో పాస్ గీతను 194 నుంచి 196కు జరిపారు. ఆ ఏడాది ఉత్తీర్ణత తగ్గింది. పోటీ తర్వాతి మెట్టయిన స్టెప్ టూ స్కోరు మీదికి మళ్ళింది. స్టెప్ వన్‌కు మాత్రం పుస్తకాలు, ప్రశ్నల బ్యాంకులు, కార్డులు అవే. మారింది ఎంత తెలిస్తే చాలన్న లెక్క ఒక్కటే. 1916లో ఆ పదిమందికి వచ్చిన ఫలితం కూడా నెగ్గారా లేదా అన్నదే.